నిలిపి ఉన్న కారుకు పక్కింటి బండి తగిలినప్పుడు

(తిరుపతిలో జరిగిన ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో మోటారు బీమా సర్వేయరు (బండికి జరిగిన నష్టాన్ని చూసి లెక్కగట్టే వ్యక్తి) ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నన్ను మాట్లాడమన్న విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. మనం ఇంట్లో ఉంటాము, కారు కింద సెల్లారులోనో ఇంటి ముందు వీధిలోనో నిలిపి ఉంటుంది, పక్కింటివారు బండి వెనక్కు తీస్తూ దానికి తగిలిస్తారు. తలుపు సొట్ట పోతుంది, లేదా బంపరు పగులుతుంది. ఎవరికీ గాయం కాదు. అయినా నేను సర్వే చేసిన నష్టాలలో మనుషుల మధ్య ఎక్కువ చేదును మిగిల్చినవి ఇటువంటివే. హైవే మీద ముక్కూ మొహం తెలియని లారీ తగిలితే ఆ కోపం కొన్నాళ్ళకు చల్లారుతుంది. పక్క ఫ్లాటువారితో అయితే లిఫ్టులోనూ మెట్ల మీదా రోజూ ఎదురుపడాలి. అందుకే మొహమాటం అడ్డొస్తుంది. మొహమాటం వల్ల మొదటి రోజు చేయవలసిన పనులు జరగవు, అవి జరగనందువల్ల డబ్బు నష్టపోతాము, డబ్బు నష్టపోయాక ఇన్నేళ్ళ స్నేహం కూడా చెడుతుంది.

మన ఊరిలో ఈ సమస్యకు స్థలం కూడా ఒక కారణం. బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో, తిరుచానూరు రోడ్డు పక్క వీధుల్లో ఒక కారు ఆగి ఉంటే ఇంకొకటి పోవడమే కష్టం. సెల్లారులలో స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండు కార్లు, వాటి సందులో రెండు స్కూటర్లు నిలుపుతున్నాము. పొద్దున్నే బడికీ ఆఫీసుకూ ఆలస్యమవుతున్న వేళ అక్కడ బండి తిప్పేవారిని నేను పెద్దగా తప్పుపట్టను. తగలడం ఎవరి చేతుల్లోనైనా జరుగుతుంది. తగిలిన తర్వాత మొదటి ఇరవై నాలుగు గంటల్లో ఏం చేశాము అన్నదే అసలు విషయమని నా నమ్మకం, ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా దాని గురించే.

ముందుగా పాలసీ సంగతి చూద్దాం. మోటారు పాలసీలో రెండు భాగాలుంటాయి. మొదటిది మన బండికి జరిగిన నష్టానికి, రెండవది మన బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి. రెండవదానినే థర్డ్ పార్టీ అంటున్నాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం అది ప్రతి బండికీ ఉండి తీరాలి. మొదటిది మన ఇష్టం. రెండూ కలిసి ఉన్న పాలసీనే జనం ఫుల్ ఇన్సూరెన్స్ అంటారు. మన దగ్గర థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే, నిలిపి ఉన్న మన కారుకు ఎవరు తగిలించినా మన కంపెనీ నుంచి ఒక్క రూపాయి రాదు. ఈ సంగతి నష్టం జరిగాకే తెలుసుకుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇక్కడే ఇంకొక మెలిక ఉంది. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. అయితే సొంత నష్టానికి సంబంధించిన భాగం చాలా పాలసీలలో ఒక్క ఏడాదికే ఉంటుంది. షోరూములో ఇచ్చిన కాగితం మీద మూడేళ్ళ తేదీ చూసి, మూడేళ్ళూ అన్నీ ఉన్నాయనుకొని, రెండో ఏడాది రెన్యువల్ చేయించని వారు ఉంటారు. వారి కారు కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, లోపల రక్షణ సగమే ఉంటుంది. ఇంటికి వెళ్ళాక దయచేసి పాలసీ తీసి ఆ రెండు తేదీలనూ విడివిడిగా చూసుకోండి. ఆ భాగం ముగిసిపోయి ఉంటే, 2019 సెప్టెంబరు నుంచి దానిని ఒక్కదానినే విడిగా కొనుక్కొనే సౌకర్యం ఉంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్నకు వస్తాను. "తప్పు ఆయనది కదా, ఆయన ఇన్సూరెన్స్ నుంచే నా కారు బాగు చేయించుకుంటాను, నా పాలసీ ఎందుకు ముట్టుకోవాలి?" అడగడంలో న్యాయం ఉంది. చట్టం కూడా ఆ దారి ఇచ్చింది. పక్కింటివారి పాలసీలోని థర్డ్ పార్టీ భాగం ఇతరుల ఆస్తికి జరిగిన నష్టాన్ని కూడా భరిస్తుంది, మన కారు ఆ ఆస్తే. తగిలించినది కారైతే సాధారణంగా ఏడున్నర లక్షల రూపాయల వరకు, స్కూటరో మోటారు సైకిలో అయితే లక్ష వరకు పరిమితి ఉంటుంది. ప్రీమియం కాస్త తగ్గుతుందని ఆ పరిమితిని 6,000 రూపాయలకు కుదించుకొన్న పాలసీలు కూడా ఉంటాయి, కాబట్టి పక్కింటివారి కాగితంలో ఆ వరుస చూడాలి.

చిక్కంతా చెల్లింపు జరిగే పద్ధతిలో ఉంది. పక్కింటివారి కంపెనీకీ మనకూ మధ్య ఒప్పందం ఏదీ లేదు. మనం వారికి ప్రీమియం కట్టలేదు, వారు మనకు మాట ఇవ్వలేదు. అందువల్ల బిల్లు పట్టుకొని వారి ఆఫీసుకు వెళితే సాధారణంగా వచ్చే జవాబు ట్రిబ్యునల్‌కు వెళ్ళమని. మోటారు వాహన ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో బండి యజమానినీ, నడిపిన వారినీ, వారి కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చి 166వ సెక్షను కింద దరఖాస్తు వేయాలి. దానికి వకీలు కావాలి, సాక్ష్యం కావాలి, వాయిదాలకు ఓపిక కావాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు ఆ దరఖాస్తు వేయాలి. నష్టం రెండు మూడు లక్షలైతే ఆ శ్రమకు అర్థం ఉంది. ముప్పై వేల సొట్టకు ఆ దారి తొక్కమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

అపార్ట్‌మెంటులో ఉండేవారికి దీనిలో మరొక ఇబ్బంది ఉంది. థర్డ్ పార్టీ బాధ్యతను చట్టం బహిరంగ ప్రదేశంతో ముడిపెట్టింది. ప్రజలకు ప్రవేశ హక్కు ఉన్న రోడ్డు, వీధి, స్థలం అని దానికి నిర్వచనం. గేటు వేసి, వాచ్‌మన్‌ను పెట్టి, బయటివారిని రానివ్వని సెల్లారు ఆ నిర్వచనంలోకి వస్తుందా రాదా అని వాదించడానికి కంపెనీ వకీలుకు అవకాశం దొరుకుతుంది. ఇంటి ముందు వీధిలో జరిగితే ఆ వాదన ఉండదు. మన సొంత నష్టం భాగానికి ఈ గొడవే లేదు. కారు వీధిలో ఉన్నా, సెల్లారులో ఉన్నా, మన గేటు లోపల ఉన్నా, బయటినుంచి ప్రమాదవశాత్తూ తగిలిన దెబ్బకు అది వర్తిస్తుంది. కావాలని ఎవరైనా గీతలు పెట్టినా వర్తిస్తుంది.

అందుచేత మన ఊళ్ళో ఇటువంటి నష్టాలలో ఆచరణలో మిగిలేవి రెండు దారులు. ఒకటి, పక్కింటివారు చేతినుంచి డబ్బు పెట్టి బాగు చేయించడం. రెండు, మన పాలసీలో సొంత నష్టం క్లెయిమ్ చేసి, కంపెనీ ఇవ్వగా మిగిలిన కొరతను పక్కింటివారు భరించడం. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చుకోవడానికి ఒక లెక్క కావాలి. ఆ లెక్క చేయకుండానే క్లెయిమ్‌కు ఫోను చేసేవారు కొందరు, ఆ లెక్క చేయకుండానే "పోనీలే సార్" అని వదిలేసేవారు కొందరు. రెండూ పొరపాటే. ఒక ఉదాహరణతో చూపిస్తాను.

కారు కొని మూడున్నర ఏళ్ళు అయిందనుకుందాం. పక్కింటి కారు వెనక్కు వచ్చి ఎడమ వైపు తలుపును లోపలికి నొక్కేసింది, బంపరు చీలింది. షెడ్డువారు ఇచ్చిన అంచనాలో కొత్త తలుపు రేకు 12,000, బంపరు 8,000, పెయింటింగ్ 10,000, టింకరింగ్ కూలి 4,000, మొత్తం 34,000 రూపాయలు. జీఎస్టీని లెక్క సులువు కోసం పక్కన పెడుతున్నాను. కంపెనీ ఇది మొత్తం ఇవ్వదు, పాతబడిన భాగాలకు విలువ తగ్గినందుకు తరుగుదల కోస్తుంది. మూడు నుంచి నాలుగేళ్ళ వయసున్న కారు లోహపు భాగాలకు 25 శాతం, ప్లాస్టిక్, రబ్బరు, నైలాను భాగాలకు కారు వయసుతో పని లేకుండా 50 శాతం కోత. అద్దానికి కోత లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు సామాను ఖర్చుగా పరిగణించి దానిలో సగం కోస్తారు. కూలికి కోత లేదు. అంటే తలుపుకు 9,000, బంపరుకు 4,000, పెయింటింగ్‌కు 8,750, కూలికి 4,000, కలిపి 25,750 రూపాయలు. ఇంజను 1500 సీసీ లోపుదైతే ప్రతి క్లెయిమ్‌లోనూ మనం భరించవలసిన 1,000 రూపాయలు అందులోంచి పోతాయి, 1500 సీసీ దాటితే 2,000. చివరకు చేతికి వచ్చేది 24,750. మన జేబునుంచి 9,250.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. అసలు నష్టం దీని వెనకాల ఉంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిచినందుకు సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును నో క్లెయిమ్ బోనస్ అంటారు. అది మొదటి ఏడాదికి 20 శాతం, ఆ తర్వాత 25, 35, 45, చివరకు 50 శాతం. మన ఉదాహరణలోని కారుకు ఇప్పుడు 35 ఉంది, వచ్చే రెన్యువల్‌కు 45, ఆ పైన 50 కావాలి. క్లెయిమ్ చేస్తే వచ్చే రెన్యువల్‌కు అది సున్నాకు పడుతుంది. మళ్ళీ 20, 25 అంటూ మొదటినుంచి ఎక్కాలి. క్లెయిమ్ లేకుంటే వరుసగా 45, 50, 50, 50, 50, క్లెయిమ్ చేస్తే 0, 20, 25, 35, 45. ఒక్కొక్క ఏడాదికి పోయే తేడాను కూడితే, 45, 30, 25, 15, 5, మొత్తం 120 శాతం. అంటే బోనస్ తీయకముందు ఉండే ఏడాది ప్రీమియానికి ఒకటీ పాతిక లోపు రెట్లు, ఐదేళ్ళలో కొంచెం కొంచెంగా మన దగ్గరినుంచి పోతుంది. ఆ ప్రీమియం 12,000 అనుకుంటే 14,400 రూపాయలు. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది కొంత తక్కువ ఉండవచ్చు, అయినా చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. 34,000 నష్టానికి క్లెయిమ్ చేస్తే కంపెనీ 24,750 ఇస్తుంది, మనకు ఈ రోజు 9,250, రాబోయే ఏళ్ళలో సుమారు 14,000 పోతాయి. క్లెయిమ్ వల్ల మనకు నికరంగా మిగిలింది పది వేల చిల్లర. అదే నష్టం పన్నెండు వేల రూపాయల గీతా సొట్టా అయితే, క్లెయిమ్ చేయడం వల్ల మనమే ఎదురు కట్టినట్టు అవుతుంది. అందువల్ల చిన్న దెబ్బలకు పక్కింటివారి చేతి డబ్బే సరైన దారి, పెద్ద దెబ్బలకు మన పాలసీ. ఎక్కడ గీత గీయాలి అన్నది మీ బోనస్, మీ కారు వయసు, మీ ప్రీమియం బట్టి మారుతుంది. తరుగుదల కోత లేకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ అదనపు రక్షణ ఉంటే 9,250లో అధిక భాగం తగ్గిపోతుంది, ఆ వెయ్యి మాత్రం ఉంటుంది. బోనస్‌ను కాపాడే అదనపు రక్షణ కూడా ఉంటే, పాలసీలో చెప్పినన్ని క్లెయిముల వరకు నిశ్చింతగా మన కంపెనీ దగ్గరకే వెళ్ళవచ్చు.

పక్కింటివారి తరఫున కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రోజు వినేవారిలో రేపు తగిలించేవారు కూడా ఉండవచ్చు. తన పాలసీ పేరెత్తితే తన బోనస్ పోతుందని భయపడి చాలామంది నంబరు ఇవ్వడానికి కూడా వెనకాడతారు. ఆ భయం అక్కర లేదు. నో క్లెయిమ్ బోనస్ సొంత నష్టం భాగానికి సంబంధించినది. తన కారుకు తాను క్లెయిమ్ చేసుకుంటే పోతుంది. ఎదుటివారికి జరిగిన థర్డ్ పార్టీ నష్టం వల్ల పోదు.

ఇక మొదటి రోజు సంగతి. తగిలిన చోటనే పక్కింటాయన సాధారణంగా ఏమంటారు? "అన్నా, రివర్స్ తీస్తా ఉంటే తగిలేసింది, నేనే చేపించి ఇస్తాలే, నువ్వేమీ అనుకోవద్దు" అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. మనం కూడా "సరే తమ్ముడూ" అంటాము. వారం తర్వాత షెడ్డు అంచనా వస్తుంది, ఆయన ఊహించిన నాలుగు వేలు కాస్తా ముప్పై నాలుగు వేలు అవుతుంది, అప్పుడు "ఆ బంపరు చీలిక పాతది కదన్నా" అన్న మాట పుడుతుంది. ఆయన అబద్ధమాడుతున్నారని కూడా అనలేము, ఆయనకు నిజంగానే అలా అనిపించవచ్చు. మనకేమో క్లెయిమ్ చేయడానికి ఆలస్యమైపోయి ఉంటుంది. నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలియజేయాలన్నది పాలసీలో మొదటి షరతు. తెలియజేసినంత మాత్రాన క్లెయిమ్ ముందుకు తీసుకువెళ్ళి తీరాలని లేదు, తర్వాత లెక్క చూసుకొని వద్దని రాసి ఇవ్వవచ్చు. అటువంటప్పుడు బోనస్‌కు ఇబ్బంది లేకుండా క్లెయిమ్‌ను ముగించినట్టు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

కారును కదపకముందే ఫోటోలు తీయండి. దగ్గరనుంచి దెబ్బ ఒక్కటే తీస్తే అది ఎవరి కారో, ఎక్కడిదో చెప్పదు. నాలుగడుగులు వెనక్కు నిలబడి రెండు బండ్లూ, రెండు నంబరు పలకలూ, స్తంభం లేదా గేటు ఒకే చిత్రంలో పడేటట్టు తీయాలి. సెల్లారులో కెమెరా ఉంటే ఆ రోజే సంఘం కార్యదర్శిని అడిగి ఆ నిమిషాల దృశ్యాన్ని ఫోనులోకి తీసుకోండి. చాలా కెమెరాలలో కొన్నాళ్ళకు పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. పక్కింటివారి బండి నంబరుతో కేంద్ర రవాణా శాఖ వారి ఎం పరివాహన్ యాప్‌లో చూస్తే వారి బీమా ఏ కంపెనీదో, ఎప్పటివరకు ఉందో తెలుస్తుంది. అడగడానికి మొహమాటపడవలసిన పని కూడా ఉండదు.

ఆ తర్వాత ఒక చిన్న కాగితం. దీనిలో ఏమి రాయాలో ఎంత ముఖ్యమో, ఏమి రాయకూడదో అంత ముఖ్యం. "ఫలానా తేదీ ఉదయం ఇన్ని గంటలకు, ఫలానా నంబరు కారును ఫలానావారు వెనక్కు తీస్తుండగా, నిలిపి ఉన్న ఫలానా నంబరు కారు ఎడమ వెనుక తలుపుకూ వెనుక బంపరుకూ తగిలింది" అని జరిగినది జరిగినట్టు రాసి ఇద్దరూ సంతకం చేయాలి. "తప్పంతా నాదే, ఖర్చంతా నేనే కడతాను" అని ఆయన చేత రాయించుకోవాలని కొందరు పట్టుబడతారు. అలా చేయవద్దు. తన కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, చెల్లిస్తానని హామీ ఇవ్వడం గానీ చేయకూడదని ఆయన పాలసీలోనూ షరతు ఉంటుంది. రేపు నష్టం పెద్దదని తేలి ఆయన థర్డ్ పార్టీ మీదికి వెళ్ళవలసి వస్తే, ఆ ఒప్పుకోలునే చూపించి ఆయన కంపెనీ పక్కకు తప్పుకోవడానికి ప్రయత్నించవచ్చు. బీమాతో పని లేకుండా ఆయన చేతి డబ్బుతోనే తేల్చుకుంటున్నామని ఇద్దరికీ స్పష్టమైన తర్వాత ఎంత, ఎప్పటిలోపు అన్నది వేరే కాగితం మీద రాసుకోవచ్చు.

క్లెయిమ్ చేశాక పక్కింటివారి దగ్గర డబ్బు తీసుకుంటే దానికీ ఒక పద్ధతి ఉంది. ఒకే నష్టానికి రెండు చోట్ల పూర్తి డబ్బు తీసుకోవడం బీమా సూత్రానికి విరుద్ధం. మనకు చెల్లించిన తర్వాత, నష్టం కలిగించిన వారినుంచి ఆ మొత్తాన్ని రాబట్టుకొనే హక్కు మన కంపెనీకి వస్తుంది. అందువల్ల "నాకు మీ నుంచి రావలసినది ఏమీ లేదు" అని మనం పక్కింటివారికి రాసి ఇచ్చేస్తే కంపెనీ హక్కును మనమే తెంచినట్టు అవుతుంది, దాని ప్రభావం మన క్లెయిమ్ మీదే పడవచ్చు. మన ఉదాహరణలోని 9,250నూ బోనస్ నష్టాన్నీ మాత్రమే తీసుకుంటున్నట్టు, అది కంపెనీ చెల్లించని భాగానికేనని రసీదులో రాయండి. నా అభిప్రాయంలో పక్కింటివారిని అడగవలసిన న్యాయమైన మొత్తం కూడా అదే. మొత్తం బిల్లూ వారి మీద పెట్టి, మళ్ళీ కంపెనీ దగ్గరా తీసుకోవడం పక్కవారికీ అన్యాయం, చట్టానికీ విరుద్ధం.

ఇప్పుడు నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం చెబుతాను. పక్కింటివారిని ఇబ్బంది పెట్టకూడదన్న మంచి ఉద్దేశంతో కథ మార్చేవారు ఉంటారు. "వాళ్ళ పేరు ఎందుకు, నేనే స్తంభానికి తగిలించానని రాసేస్తాను" అంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. స్తంభానికి తగిలిన తలుపు మీద గరుకు గీతలు అడ్డంగా సాగుతాయి, వాటి లోతుల్లో సున్నమూ సిమెంటు పొడీ ఇరుక్కొని ఉంటాయి. ఇంకొక కారు బంపరు తగిలిన చోట రేకు వెడల్పుగా నొక్కుకుపోతుంది, ఆ కారు రంగు పొర ఒకటి మన రంగు మీద అంటుకొని గోటితో గీకితే లేస్తుంది. స్కూటరు పడితే హ్యాండిలు చివర తాకిన చోట గుండ్రని గుంట, దాని కింద ఫుట్‌రెస్టు గీసిన చార పడతాయి. నేల నుంచి ఆ గుంట ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే ఏ బండో చాలావరకు తెలిసిపోతుంది. రాసినదానికీ రేకు చెబుతున్నదానికీ పొత్తు కుదరకపోతే సర్వేయరు ఆ మాటే నివేదికలో రాయాలి. అది అతని వృత్తి ధర్మం. తప్పుడు వివరణ ఇచ్చారన్న కారణంతో, నిజం చెబితే హాయిగా వచ్చి ఉండే డబ్బు కూడా పోతుంది.

క్లెయిమ్ ఫారంలో "ప్రమాద సమయంలో వాహనం నడుపుతున్నవారి పేరు, లైసెన్సు నంబరు" అని ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదిలితే తిప్పి పంపుతారేమోనని అక్కడ తమ పేరో కొడుకు పేరో రాసేస్తారు. కారు నిలిపి ఉంది, ఎవరూ నడపడం లేదు. అక్కడ "వాహనం నిలిపి ఉంది" అని రాయండి, కాగితంలో, ఫోనులో, సర్వేయరుతో అదే మాట చెప్పండి. కొడుకు లైసెన్సు గడువు ముగిసి ఉండి, నడపని కారు నడిపినట్టు రాసినందుకు క్లెయిమ్ ఆగిపోతే ఆ కష్టం మనం చేతులారా తెచ్చుకున్నదే.

తగిలించింది పక్కింటివారి మైనరు అబ్బాయి అయితే పెద్దవారు నడిపినట్టు చెప్పమని బతిమాలుతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపితే సంరక్షకుల మీదా యజమాని మీదా కేసు ఉంటుంది. అయినా మన ఫారంలో మనం రాయవలసినది మన కారు సంగతి. ఎవరు నడిపారని మన కంపెనీ అడిగితే నిజమే చెప్పాలి. పక్కింటి బండికి అసలు బీమాయే లేదని తేలితే ఖర్చు పూర్తిగా వారి మీదే పడుతుంది. బీమా లేకుండా బండి నడపడం 196వ సెక్షను కింద మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా గానీ మూడు నెలల వరకు జైలు గానీ రెండూ గానీ పడే నేరం. బెదిరించడానికి ఈ మాట వాడవద్దు, వారికి తెలియజేయడానికి వాడండి.

బండి కాకుండా ఇంకేదైనా తగిలినప్పుడు పని సులువే. పై అంతస్తు పూలకుండీ పడటం, పిల్లల క్రికెట్ బంతి అద్దానికి తగలడం, పక్క కాంపౌండు గోడ వానకు కూలడం, వీటిలో పక్కింటివారి మోటారు బీమాకు సంబంధం లేదు. మన సొంత నష్టం భాగమే దిక్కు. అద్దానికి తరుగుదల కోత లేదు కాబట్టి అది ఒక్కటే పగిలితే మన జేబునుంచి పోయేది తక్కువ, కానీ బోనస్ పోతుంది, అందుకని ఇందాకటి లెక్క దీనికీ వర్తిస్తుంది. ఇంకొకటి, ఒకే యజమాని పేరున రెండు కార్లు ఉండి ఒకటి ఇంకొకదానికి తగిలితే, థర్డ్ పార్టీ భాగం పనిచేయదు. మన ఆస్తి మనకు థర్డ్ పార్టీ కాదు.

క్లెయిమ్ నమోదయ్యాక షెడ్డులో విప్పడం మొదలుపెట్టనివ్వకండి, సర్వేయరు చూడాలి. బీమా నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం క్లెయిమ్ తెలియజేసిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, నివేదిక అందిన ఏడు రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఆలస్యమైతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, తర్వాత ఆ నియంత్రణ సంస్థ నంబరు 155255కు ఫోను చేయవచ్చు, వారి ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. అయితే అంబుడ్స్‌మన్ దగ్గరకు మన కంపెనీ మీద వెళ్ళగలం గానీ పక్కింటివారి కంపెనీ మీద వెళ్ళలేము, ఇందాక చెప్పిన కారణమే, వారితో మనకు ఒప్పందం లేదు.

పక్కింటివారితో మాట కుదరనప్పుడు పోలీసు స్టేషనుకు పరిగెత్తేముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గుర్తుకు రావాలి. కావాలని చేయని సొట్టకు క్రిమినల్ కేసు నిలబడటం కష్టం, పెట్టిన కేసు మాత్రం రెండు ఇళ్ళ మధ్య గోడ కడుతుంది. కోర్టుకు వెళ్ళకముందే ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో దరఖాస్తు ఇస్తే ఇరువురినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, కోర్టు ఫీజు ఉండదు, కుదిరిన ఒప్పందానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు. ఇరవై, ముప్పై వేల తగాదాలకు ఇంతకంటే మర్యాదైన చోటు నాకు తెలియదు.

చివరిగా, సమావేశానికి ముందు ఒకరు చీటీ మీద రాసి ఇచ్చిన ప్రశ్న ఉంది. తిరుపతిలో ఉన్న మనందరికీ అది ఎదురయ్యేదే. దర్శనానికి వచ్చిన బంధువులు కారు మన సెల్లారులో నిలిపి బస్సులో కొండకు వెళ్ళారు, తిరిగి వచ్చేసరికి పక్క ఫ్లాటువారి కారు తగిలి ఉంది, బండి బెంగళూరుది, మరునాడు వారు వెళ్ళిపోవాలి. ఇప్పుడు ఏం చేయాలి? పాలసీ భారతదేశమంతటా వర్తిస్తుంది, కాబట్టి క్లెయిమ్ ఇక్కడే నమోదు చేసి సర్వేయరును ఇక్కడికే రమ్మనవచ్చు, లేదా బండి నడపడానికి సురక్షితంగా ఉంటే కంపెనీకి ఆ సంగతి ముందే చెప్పి బెంగళూరు షెడ్డులో సర్వే చేయించుకోవచ్చు. దీపం పగిలి ఉన్నా, చక్రానికి రేకు రాసుకుంటున్నా నడపవద్దు, ఆ స్థితిలో నడిపినందువల్ల పెరిగిన నష్టం కంపెనీ ఇవ్వదు. ఫోటోలు, కెమెరా దృశ్యం, ఇద్దరి సంతకాలున్న కాగితం మాత్రం వారు ఊరు దాటకముందే వారి ఫోనులో ఉండాలి, ఆ బాధ్యత ఇంటివారిగా మనది. ట్రిబ్యునల్‌కు వెళ్ళవలసినంత పెద్ద నష్టమైతే ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నిర్బంధం లేదు, వారు నివసించే చోట కూడా దరఖాస్తు వేసుకోవచ్చు. పక్క ఫ్లాటువారితో కొరత డబ్బు సంగతి మాట్లాడే పని బంధువులు ఫోనులో చేయలేరు, అది మనమే చేయాలి, షెడ్డు బిల్లూ కంపెనీ ఇచ్చిన చెల్లింపు పత్రమూ చేతికి వచ్చిన తర్వాతే చేయాలి.